రూఫస్‌కు వినిపించిన కులపురాణం

పోశయ్య చెప్పే మాటల్లో సగం అబద్ధమని, ఆ ఎడారి దేశపు ఐకాడ్ కార్మికుల క్యాంపులో అందరికీ తెలుసు. ఏ సగమో తెలియకే ఆదివారం మధ్యాహ్నం కాగానే మెస్ బల్లలు పక్కకు జరిపి అతని చుట్టూ చేరేవాళ్లు. ఒక ఎండాకాలం యార్డులో క్రేను కొక్కెం ఎండకు మెత్తబడి చుక్కలు చుక్కలుగా కారితే, తాను కింద గిన్నె పట్టి, ఆ ఇనుముతో పప్పు గంటె పోయించి ఇంటికి పంపానని చెప్పేవాడు.

"ఆ గంటె పెట్టి కలుపుతె పొయ్యి అక్కర లేదు. కూర దానంతట అదే ఉడుకుతది."

"ఏది, గంటె ఫోటో చూపియ్యి మరి."

"ఫోటో దీస్తె మా ఇంటిదాని ఫోను కరిగిందిరా. ఇంక నన్ను తిడ్తాంది."

ఇదంతా రెప్ప కూడా ఆర్పకుండా చెప్పేవాడు.

ఆ నోరు ఊరికే రాలేదు. వాళ్లది జగిత్యాల దిక్కు పటం కథలు చెప్పే ఇల్లు. మనిషికి రెండింతల పొడవు బట్ట మీద వరసలు వరసలుగా బొమ్మలు వేయించి, దాన్ని వాసానికి వేలాడదీసి, పుల్లతో ఒక్కో బొమ్మనూ తాకుతూ పాడేవాళ్లు. ఎవరికి పడితే వాళ్లకు పాడరు. నేతపనివాళ్ల వాడకు పోయి, వాళ్ల కులం ఎట్లా పుట్టింది, వాళ్ల మూలపురుషుడు ఏ రాక్షసుల చేతిలోంచి నూలు గుంజుకొచ్చి మొదటి బట్ట నేశాడు అన్నది వాళ్లకే వినిపించాలి. వినడం వాళ్ల హక్కు, చెప్పడం వీళ్ల బతుకు. పెద్దమనిషిని ఎవరినైనా గౌరవంగా సాగనంపాలంటే ఆయన పురాణం ఆయనకు వినిపించడం కన్నా గొప్ప మర్యాద లేదని పోశయ్య తండ్రి చెప్పేవాడు. తర్వాత మగ్గాలు ఆగిపోయాయి. వాడకు వాడ భివండికి, సూరత్‌కు తరలిపోయింది. పటం చుట్ట చుట్టుకుని అటక ఎక్కితే, పోశయ్య విమానం ఎక్కాడు. ఇక్కడ ఇనుప దూలాలు తయారు చేసే కంపెనీలో క్రేనుకు బరువులు కట్టే పని అతనిది. కానీ పుల్ల పట్టిన చెయ్యి కదా, ఏదో ఒకటి చూపించి చెప్పకపోతే దురద పుట్టేది.

అతని కథలకు క్యాంపులో అందరికన్నా గట్టిగా నవ్వేవాడు తెలుగు ముక్క రాని మనిషి. పేరు రూఫస్, కంపెనీ సేఫ్టీ ఆఫీసరు. అమెరికా నల్లజాతివాడు, అరవై దాటినవాడు, తల వంచకుండా ఏ తలుపులోంచీ రాలేనంత పొడగరి. ఎప్పుడో వాళ్ల సైన్యంతో ఈ దిక్కు వచ్చాడు. సైన్యం పోయింది, ఇతను ఉండిపోయాడు. హిందీ క్యాంపుల్లో నేర్చుకున్నాడు కాబట్టి తిట్లు ముందు వచ్చాయి, మాటలు తర్వాత వచ్చాయి. పోశయ్యతో మాట్లాడేదంతా ఆ హిందీయే. మనం తెలుగు చేసుకుని విందాం.

కరోనా ఏడాది క్యాంపు గేట్లు మూసేసినప్పుడు తనిఖీకి వచ్చిన రూఫస్ లోపలే చిక్కుకుపోయాడు. అతని గదికి ఎదురుగా పోశయ్య గది. తలుపులు బార్లా తీసి, వరండాకు అటొకరు ఇటొకరు గడపల మీద కూర్చుని, ఒకరు చేతులూ కళ్లూ తిప్పుతూ కథ చెబుతుంటే ఒకరు దగ్గుతూ నవ్వేవారు. అప్పటికి పరిచయమే. స్నేహం తర్వాత కలిసింది. యార్డులో గ్రీజు చేతులు తుడుచుకునే పత్తి తుక్కు మూట విప్పుతూ రూఫస్ ఒకరోజు అందులోంచి చిన్న పింజ తీసి, ఊరికే, బొటనవేలితో గింజ ఒలిచినట్టు చేశాడు. పోశయ్య ఆ వేళ్లు చూసి పని ఆపేశాడు.

"సార్, నువ్వు పత్తి ఏరినవా?"

"ఏరకపోవడమా! మా ఇల్లంతా అదే పని. చిన్నప్పుడు మా నాయనమ్మ వెంట నేనూ సంచి ఈడ్చుకుంటూ నడిచాను."

పోశయ్య తన గోళ్ల మొదళ్లు చూపించాడు. పత్తి చేలకు కూలికి పోయిన రోజుల్లో పగిలిన కాయ కొసలు గుచ్చుకున్న పాత గాట్లు అక్కడ తెల్లగా ఉన్నాయి. రూఫస్ తన చేతులు పక్కన పెట్టాడు. ఇద్దరూ చాలాసేపు ఒకరి గోళ్లు ఒకరు చూసుకుంటుంటే, వీళ్లకు పిచ్చి పట్టిందని ఫోర్‌మన్ అరిచాడు. ఆ రోజు నుంచి రూఫస్‌కు ఇతను పోశ్ భాయ్. ఇతనికి అతను రూఫస్ అన్న.

ఆ రూఫస్ ఉద్యోగం మానుకుని స్వదేశంలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడని తెలిసింది. కంపెనీ వాళ్లు కేకు కోసి గోడ గడియారం ఇస్తారని కూడా తెలిసింది.

"గడియారమట!" అన్నాడు పోశయ్య, మూతి తిప్పుతూ. "ఆయనకు టైము తెల్వదా? నేను సాగనంపుత సూడు. ఆయన పురాణం ఆయనకు వినిపిస్త."

"ఆయన పురాణం నీకేడ దొరుకుతదే కాకా?" అన్నాడు ప్రమోద్. ప్రమోద్‌దీ పోశయ్య ఊరే. వెల్డింగు పని. గోడ మీద సినిమా వేసే చిన్న ప్రొజెక్టరు ఒకటి నైఫ్ బజారులో కొనుక్కొచ్చి, క్యాంపు మొత్తానికి ముద్దుల అల్లుడయ్యాడు.

"ఆయనది అమెరికా. అమెరికోల్లకు పురాణం ఉండదా? నీ ఫోన్ల దేవులాడు. పాతది గావాలె. మాటలు ఉండొద్దు. మాటలు నేను పెట్టుకుంట."

తన ఊళ్లో ఇంటింటికీ ఒక పురాణం ఉందని, ఒకరిది ఇంకొకరికి పాడితే తన్నులు తప్పవని పోశయ్యకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆ మనిషే అంత పెద్ద అమెరికాకు ఒకటే పురాణం ఉంటుందనుకున్నాడు. మరీ దూరం నుంచి చూస్తే ఏ ఊరైనా ఒకటే ఇల్లులా కనిపిస్తుంది కాబోలు.

వెతగ్గా వెతగ్గా ఒక మూకీ సినిమా దొరికింది. నది ఒడ్డున ఊరు. ఎత్తైన స్తంభాల మేడ. యుద్ధంలో ఓడి కుంటుతూ ఇంటికి వచ్చిన పెద్దకొడుకు, గౌను వేసుకున్న చెల్లెలు. ఊరి మీదికి ఒక గుంపు వచ్చి పడుతుంది. ముఖాలు నల్లగా, పెదాలు లావుగా, కళ్ల చుట్టూ తెల్లటి గీతలతో ఉంటారు వాళ్లు. పిండి మర తగలబెడతారు, కోళ్లు ఎత్తుకుపోతారు, ఆ చెల్లెల్ని తరుముతారు. అప్పుడు పెద్దకొడుకు తెల్లటి అంగరఖా తొడిగి, తెల్లటి ముసుగు దించుకుని, తనలాంటి వాళ్లను పోగేసి గుర్రం ఎక్కుతాడు. నదిలో నీళ్లు చిమ్ముతూ దండు వస్తుంది. చెల్లెలు దక్కుతుంది. నల్లమొహాల వాళ్లలో ఒకడిని గుర్రాల వెనక కట్టి వంతెన దాకా తీసుకుపోతారు. అక్కడ బొమ్మ చీకటవుతుంది. మధ్యమధ్య ఇంగ్లీషు అక్షరాల పలకలు వస్తే ప్రమోద్ వేలితో ముందుకు తోసేవాడు.

పోశయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి. "గిదీ పురాణమంటె! ఆడపిల్ల ఉన్నది, ఆపద ఉన్నది, గుర్రాలున్నయి. ఇంకేం గావాలెరా?"

ప్రమోద్ ఫోను వంక చూస్తూనే ఉన్నాడు. "కాకా, ఈ దొంగలు రూఫస్ సారు లెక్క నల్లోల్లు గాదు గదా?"

"కండ్లు దొబ్బినయారా నీకు? సూడు, మెడ కాడ రంగు ఆగిపోయింది. చెవుల ఎనక తెలుపున్నది. అది పూసుకున్న రంగు. రాక్షసుల వేషం. మన పటంల రాక్షసులకు రంగు పుయ్యరా?"

అతను చెప్పింది అక్షరాలా నిజం. అది పూసిన రంగే. బొమ్మల ఇంట్లో పుట్టిన కన్ను కాబట్టి పట్టుకుంది. దొరను నడుమ నిలబెట్టి వెలుగు మీద పెట్టారని, దొంగను అంచుకు తోసి వంకరగా గీశారని, ఎవరిని చూసి జాలిపడాలో బొమ్మే చెబుతోందని కూడా పట్టుకుంది. బొమ్మ ఏం చెప్పమంటే అది చెప్పడమే వాళ్ల ఇంటి పని. ఈ బొమ్మ ఎవరు వేయించారని మాత్రం అడగలేదు. తమ పటం ఎవరు వేయించారో ఊళ్లో ఎవరూ అడగనక్కర లేదు మరి, అందరికీ తెలుసు.

ఇక క్యాంపులో హడావుడి చూడాలి. క్యాంపు దుప్పట్లన్నీ తెల్లవే కావడం దేవుడిచ్చిన వరమన్నాడు పోశయ్య. దిండు గలీబులకు కళ్ల దగ్గర రెండేసి బొక్కలు కత్తిరించారు. టైంకీపరు మురళీ పెద్దకొడుకు వేషానికి ఒప్పుకున్నాడు. అతనికి అంతకుముందు ఊళ్లో నాటకాల్లో రాజు వేషం వేసిన గర్వం ఉంది. ప్లాస్టిక్ బక్కెట్లు బోర్లించి కొడితే గుర్రాల చప్పుడు సరిగ్గా కుదిరింది.

"దొంగల నాయకుడు ఎవడు?" అని అడిగారెవరో.

పోశయ్య చుట్టూ చూశాడు. "ప్రమోదు ఉండంగ ఇంకోడు ఎందుకు? వీనికైతె మసి గూడ ఎక్కువ ఖర్చుగాదు."

మెస్ అంతా పగలబడి నవ్వింది. ప్రమోద్ కూడా నవ్వాడు, అందరికన్నా కొంచెం ఆలస్యంగా.

ఆదివారం వచ్చింది. రూఫస్‌ను నడుమ కుర్చీలో కూర్చోబెట్టి మెడలో ప్లాస్టిక్ పూలదండ వేశారు. అతను దండ సర్దుకుంటూ, "నా పెళ్లికి కూడా ఇంతమంది రాలేదు" అన్నాడు. పోశయ్య తలకు ఎర్రటి తువాలు చుట్టి, వెల్డింగు కడ్డీ ఒకటి చేతపట్టి, ఖాళీ పెయింటు డబ్బా మీద దరువు మొదలుపెట్టాడు.

"రూఫస్ అన్నా, ఇయ్యాల చెప్పేది నా కథ గాదు. నీ కథ. మీ తాతల కథ. తప్పులుంటె కాయాలె."

అది చెప్పాల్సిన మర్యాద. తండ్రి అట్లాగే మొదలుపెట్టేవాడు. రూఫస్ గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగాడు.

తెరగా కట్టిన దుప్పటి మీద నది కదిలింది. పోశయ్య గొంతు ఎత్తాడు. సగం హిందీ, సగం తెలుగు, మిగతాది చేతులు. మేడను పాడాడు, చెల్లెలి గౌను అంచులో కుట్టిన పువ్వులను పాడాడు. బొమ్మలో లేని తల్లి ఒకరిని పుట్టించి, దొంగలు వస్తున్నారని, పిల్లను కాపాడమని ఆమె చేత ఏడిపించాడు. అంత బాగా ఊళ్లో కూడా ఎన్నడూ పాడలేదు. జనం మాట్లాడడం మానేశారు. రూఫస్ ముందుకు వంగి కూర్చుని, దరువుకు బూటు కాలితో తాళం వేస్తున్నాడు. అది పోశయ్య చూశాడు. చూసి ఇంకాస్త పెంచాడు.

అప్పుడు ప్రమోద్ దూకాడు. పెనం మసి, కొబ్బరినూనె కలిపి ముఖమంతా పూశారు. పెదాలకు కుంకుమ, కళ్ల చుట్టూ సున్నం. కోడిని చంకన పెట్టుకున్నట్టు దిండు పెట్టుకుని, పళ్లికిలించి, నడ్డి తిప్పుతూ నడిచాడు. జనం ఈలలు. రూఫస్ కాలు ఆగింది. ముఖం మీది నవ్వు అట్లాగే ఉంది, తీసేయడం మరిచిపోయినట్టు.

"ఇగ చూడు అన్నా, ధర్మం వస్తాంది!" అన్నాడు పోశయ్య. బక్కెట్లు మోగాయి. తలుపులోంచి తెల్ల దుప్పట్లు, తెల్ల ముసుగులు వరసగా వచ్చాయి. గలీబు బొక్కల్లోంచి కళ్లు. తెర మీద బొమ్మలోనూ అవే. వచ్చినవాళ్లు మర్యాదగా రూఫస్ కుర్చీ చుట్టూ తిరిగి, అతనికి వంగి దండం పెట్టారు.

రూఫస్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. దగ్గరగా ఉన్న మురళీ తల మీది గలీబు రెండు చేతులతో పైకి తీశాడు, చిన్నపిల్లవాడి తలకు ఇరుక్కున్న చొక్కా తీసినంత నెమ్మదిగా. దాన్ని మడత పెట్టి, మళ్లీ మడత పెట్టి బల్ల మీద పెట్టాడు. పూలదండ తీసి దాని పక్కన పెట్టాడు. బయటికి నడిచాడు. పోశయ్య చెయ్యి ఇంకా డబ్బా మీద కొడుతూనే ఉంది. ఎవరో పట్టుకుని ఆపారు.

బయట ఎండ. రూఫస్ తన పికప్ బండి తలుపు తీసుకుని సీటు అంచున కూర్చున్నాడు, కాళ్లు నేల మీద ఉంచి. పోశయ్య తలగుడ్డ చేతిలోకి తీసుకుని కొంచెం ఎడంగా నిలబడ్డాడు.

"అన్నా, ఏమైంది? ఏమన్న తప్పు పాడిన్నా?"

"ఆ బొమ్మ ఎక్కడ దొరికింది నీకు?"

"ఫోన్ల. మీదే గదా అని..."

"మాది కాదు. మా మీద తీసింది." రూఫస్ గొంతులో కోపం లేదు. అదే పోశయ్యను భయపెట్టింది. "ఆ తెల్ల దుప్పట్ల వాళ్లు నిజంగా ఉండేవాళ్లు, పోశయ్యా. నల్లవాళ్లను చంపేవాళ్లు. కొంతకాలం అణిగారు. ఇట్లాంటి బొమ్మలు వచ్చాయి, ఊరూరా ఆడాయి. వాటిని చూసి మా జిల్లాలో మళ్లీ దుప్పట్లు కుట్టించుకున్నారు."

పోశయ్య వెనక్కి తిరిగి మెస్ తలుపు వంక చూశాడు.

"మా నాయనమ్మకు ఒక అన్న. ఓటరుగా పేరు రాయించుకోవడానికి ఆఫీసుకు పోయాడు. అదే అతను చేసింది. ఆ వారమే వచ్చారు. గుర్రాల మీద కాదు, కార్ల మీద. మా నాయనమ్మ తలుపు సందులోంచి చూసింది. వంతెన దాకా తీసుకుపోయారు. నీ బొమ్మ వంతెన దగ్గర చీకటైపోతుంది కదా? తర్వాతి సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు."

క్యాంపు బస్సు ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. రూఫస్ ముఖం మీది దుమ్ము తుడుచుకున్నాడు.

"మా అమ్మ చిన్నప్పుడు ఆ బొమ్మ మా ఊరి హాల్లో మళ్లీ వేశారు. మావాళ్లకు పక్క మెట్లు, పైన బాల్కనీ. గుర్రాలు వస్తుంటే కింద చప్పట్లు. పైన వీళ్లు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అయిపోయాక, కిందివాళ్లందరూ ఇళ్లకు చేరేదాకా మెట్లు దిగలేదు."

"నల్లోల్లని నాకు తెల్వలేదన్నా. రంగు పూసిన వేషమనుకున్న."

"రంగు పూసిన వేషమే. పూసుకున్నది తెల్లవాళ్లే. మా వేషం కూడా మమ్మల్ని వెయ్యనివ్వలేదు." రూఫస్ బండి తాళం చేతిలో తిప్పాడు. "ఇంత దూరం వచ్చాను. అది ఇక్కడిదాకా రాదనుకున్నాను. నీ తప్పేం లేదు, మిస్టర్ పోశయ్యా."

తప్పు లేదన్నాడు. కానీ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మిస్టర్ అనలేదు. పోశయ్యకు ఆ రెండో మాటే వినపడింది. బండి కదిలి మలుపు తిరిగింది.

మెస్ వెనక నల్లాల దగ్గర ప్రమోద్ బట్టల సబ్బుతో ముఖం రుద్దుకుంటున్నాడు. మసి చెంపల నుంచి దిగి మెడ మీద ఆగింది. పోశయ్య పక్క నల్లా కింద తువాలు తడిపి ఇవ్వబోయాడు. ప్రమోద్ తీసుకోలేదు.

"అడిగితి గదా కాకా. నల్లోల్లు గాదు గదా అని అడిగితి."

"నాకేం తెలుసురా? రంగని..."

"మీ నాయిన పటంల కింది వరుసల నూలు దొంగిలించే రాక్షసుడు ఉండె. యాదికున్నదా?"

"ఉండె."

"వాని మెడల ఏముండె?"

పోశయ్యకు ఆ బొమ్మ కళ్ల ముందుకు వచ్చింది. ఎన్ని వందల సార్లు పుల్లతో తాకాడో దాన్ని. అక్కడ పిల్లలు కేరింతలు కొట్టేవారు. "డప్పు" అన్నాడు.

"డప్పు ఎవలు కొడ్తరు మన ఊల్లె?"

నల్లా ధార ఇద్దరి మధ్యా పడుతోంది. ప్రమోద్ వాళ్ల వాడ మనుషులే కొడతారు. ఊరి పెళ్లికీ చావుకీ వాళ్ల డప్పే మోగాలి.

"మా తాత ఒక్కపారి చూసొచ్చిండట మీ కథ. మల్ల ఎన్నడు పోలే. మమ్ముల గూడ పోనియ్యలే."

"మీ వాడోల్లకు కథలంటె పడదనుకున్నం మేము" అన్నాడు పోశయ్య. అన్నాక ఆ మాట ఎంత తేలిగ్గా ఉందో తనకే వినిపించింది. "మరి ఇయ్యాల మసెందుకు పూయించుకున్నవురా? వద్దంటె అయిపోతుండె గదా."

"నువ్వు అడిగినవు. అందరు నవ్విండ్రు. నవ్వకపోతె మూతి ముడ్సుకున్నడంటరు." ప్రమోద్ నల్లా కట్టేశాడు. "ఖలాస్. పో, చాయ్ తాగు. తలగుడ్డ తడిసింది నీది."

ఆ తర్వాతి రోజుల్లో పోశయ్య నోట కథ రాలేదు. జ్వరమా అని ఒకరు, ఇంటి దగ్గర ఎవరైనా పోయారా అని ఒకరు అడిగారు. పైన దూలం వేలాడుతుంటే కింద నిలబడి పరధ్యానంగా ఉన్నాడని ఫోర్‌మన్‌తో రెండుసార్లు తిట్లు తిన్నాడు. తిట్లకు బదులు చెప్పలేదంటే మనిషి మారిపోయాడని ఫోర్‌మనే భయపడ్డాడు. అతనికి కావాల్సింది ఒక్కటే. రూఫస్ వెళ్లేలోపు ఆ దుప్పట్ల బొమ్మను అతని కళ్ల మీది నుంచి తీసేయాలి. ఎట్లా? తనకు వచ్చిన పని ఒకటే. ఒక కథను ఇంకో కథతో కప్పడం. ఆ నాయనమ్మ అన్నను పాడాలి. ఆఫీసు మెట్లెక్కి పేరు రాయించుకున్న మనిషిని నడుమ నిలబెట్టాలి, వెలుగు మీద. ఆ ముసుగులను అంచుకు తోయాలి. రాత్రిపూట పడుకుని దరువులు కూడా కట్టుకున్నాడు. ఆలోచించిన కొద్దీ ఉత్సాహం వచ్చేది. ఉత్సాహం వచ్చినందుకు సిగ్గు వేసేది.

రూఫస్ ప్రయాణం రోజు పొద్దున సెలవు అడుక్కుని, క్యాంపుకు దగ్గర్లోని ముసఫ్ఫాలో అతని గదికి పోయాడు. తలుపు తీసే ఉంది. పెట్టెలు కట్టేశాడు. గోడ గడియారం అట్టపెట్టెలో అట్లాగే బల్ల మీద ఉంది. రూఫస్ కుర్చీ జరిపి కూర్చోమన్నాడు, ప్లాస్టిక్ గ్లాసులో చాయ్ పోసిచ్చాడు. మర్యాదకు ఏ లోటూ లేదు. ఇదివరకైతే కుర్చీ జరిపేవాడు కాదు. మంచం మీదే కూలబడమని భుజం పట్టి నొక్కేవాడు.

"అన్నా, ఒకటి అడుగుత. మీ నాయనమ్మ అన్న పేరు చెప్పు."

"ఎందుకు?"

"పాడుత. వచ్చే ఆదివారం, గదే మెస్‌ల, గదే జనం ముందర. ఆయన ఎట్ల ఉండెటోడు, ఏం తినెటోడు, ఎట్ల నడిచెటోడు, అన్ని చెప్పు. ఆ ముసుగులోల్లను మన్నుల కలుపుత. నువ్వు లేకున్న నీకు ఫోన్ల పంపిస్త."

రూఫస్ తన చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. చెబుతాడేమోనని పోశయ్య ముందుకు జరిగాడు.

"వద్దు."

"తప్పు పాడ. ఒట్టు."

"తప్పు పాడతావని కాదు. నీ నోట్లో పడితే అతను ఏనుగంత అవుతాడు. దండును ఒక్కడే తరుముతాడు. అతను అంత మనిషి కాదు. సంచులు మోసేవాడు, చెల్లెలికి జడ వెయ్యడం వచ్చు, ఈత రాదు. మాకు అంతవరకే మిగిలాడు. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేను."

పోశయ్య తలూపాడు. ఈత రాదన్న మాట దగ్గర అతని మనసు ఆగిపోయింది. వంతెన తర్వాత ఏముందో ఇక ఎవరూ చెప్పనక్కర లేదు.

"ఇంకొకటి చెప్పాలి నీకు" అన్నాడు రూఫస్. "చెప్పకుండా పోదామనుకున్నాను. వచ్చావు కాబట్టి చెబుతున్నా. ఆ రోజు నేను కోపం తెచ్చుకుంది నీ మీద కాదు. మొదట్లో, నువ్వు ఆ మేడను, ఆ పిల్లను పాడుతుంటే, ఆ బొమ్మ ఏదో నాకు అర్థమయ్యేలోపు, నాకు కూడా ఆమె దక్కాలనిపించింది. ఆ దొంగలు చావాలనిపించింది. నా కాలు తాళం వేసింది. నా కాలు! మా అమ్మ ఆ బాల్కనీలో చేతులు కదపకుండా కూర్చుంది. నేను తాళం వేశాను." అతను బూటు వంక చూసుకున్నాడు. "నువ్వు అంత బాగా చెప్పావు."

కింద డ్రైవరు హారన్ కొట్టాడు. రూఫస్ లేచి పెట్టె అందుకున్నాడు. పోశయ్య రెండో పెట్టె తీసుకోబోతే, వద్దని చేత్తోనే ఆపి, తానే రెండూ మోసుకుని, తల వంచి తలుపు దాటాడు. మెట్ల మలుపులో ఆగి చెయ్యి చాపాడు. పోశయ్య రెండు చేతులతో పట్టుకున్నాడు. గోళ్లు గోళ్లకు తగిలాయి. ఎవరూ కిందికి చూడలేదు.

బండి పోయాక పోశయ్య ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాడు. చెప్పుకోవడానికి అతనికి వెయ్యి గొప్పలున్నాయి, అన్నీ కల్పించినవే. పుట్టి బుద్ధెరిగాక అతని పాటకు దక్కిన అసలైన మెప్పు ఇదొక్కటే. ఒక మనిషిని ఆ మనిషి సొంత రక్తం మీదికే తిప్పగలిగాడట. తండ్రి బతికుంటే ఎగిరి గంతేసేవాడు. దాన్ని ఎవరికీ చెప్పుకోలేడు, ప్రమోద్‌కు అసలే చెప్పలేడు. పనికి ఆలస్యమవుతోందని తెలుసు. అయినా కాళ్లు లేవలేదు.